ఊళ్ళో లేని ఓటరు: పోస్టల్ బ్యాలెట్, రీకౌంటింగ్ నిబంధనల మీద కోనసీమ నుంచి ఒక విమర్శ

ఎన్నికల చట్టం గురించి దళిత ఉద్యమాల్లో జరిగిన చర్చ చాలావరకు రిజర్వుడు సీట్ల చుట్టూనే తిరిగింది. ఏ నియోజకవర్గం ఎస్సీ అయింది, ఏది జనరల్లోకి పోయింది, టిక్కెట్టు మాలలకిచ్చారా మాదిగలకిచ్చారా అనేవే ప్రశ్నలయ్యాయి. ఈ ప్రశ్నలు చిన్నవని మేము అనడంలేదు. కానీ ఓటు ఎవరు ఎక్కణ్ణుంచి వెయ్యొచ్చు, వేసిన ఓటుని చెల్లదని పక్కన పెట్టే అధికారం ఎవరిది, మళ్ళీ లెక్కపెట్టండి అని అడిగే నోరు చట్టం ఎవరికిచ్చింది అనే ప్రశ్నలు మాత్రం కలెక్టరాఫీసు గుమాస్తాల సంగతిగానే మిగిలిపోయాయి. ఫారాల నెంబర్లు, కవర్ల రంగులు, నిబంధనల్లో ఉపనిబంధనలు చూసి ఇదంతా టెక్నికల్ వ్యవహారం అనుకుంటారు. కులం ఎప్పుడూ పెద్ద పెద్ద మాటల్లోనే దాక్కోదు. ఫారాల్లో కూడా దాక్కుంటుంది.

మేము ఈ వ్యాసంలో రెండు నిబంధనల్ని పక్కపక్కన పెట్టి చదవదలిచాం. ఒకటి పోస్టు ద్వారా ఓటు వేసే నిబంధన, రెండోది రీకౌంటింగ్ నిబంధన. చదివేది అమలాపురం, రాజోలు, కొత్తపేట పేటల నుంచి. 2022లో డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ పేరు పెట్టినందుకు ఇళ్ళు తగలబడిన జిల్లా ఇది. ఆయన పేరుని బోర్డు మీద నిలబెట్టుకోవడానికి అంత గొడవ పడవలసి వస్తే, ఆయన వాదించి తెచ్చిన ఓటుని పేటలో ప్రతి మనిషి చేతిలో నిలబెట్టుకోవడానికి ఎంత పడాలి?

ఎవరి గైరుహాజరుకి గౌరవం?

1951 ప్రజాప్రాతినిధ్య చట్టం 60వ సెక్షన్, 1961 ఎన్నికల నిర్వహణ నిబంధనల్లోని 18వ నిబంధన కలిపి చదివితే పోస్టులో ఓటు ఎవరికుందో తెలుస్తుంది. రాష్ట్రపతి వంటి కొన్ని పదవుల్లో ఉన్నవాళ్ళకి, సైన్యంలో ఉన్నవాళ్ళకి, సొంత రాష్ట్రం బయట పనిచేసే సాయుధ పోలీసులకి, విదేశాల్లో భారత ప్రభుత్వ ఉద్యోగం చేసేవాళ్ళకి, ఎన్నికల డ్యూటీలో ఉన్న సిబ్బందికి, ముందస్తు నిర్బంధ చట్టాల కింద లోపలున్నవాళ్ళకి ఉంది. 2019లో నిబంధనలు సవరించి 80 ఏళ్ళు దాటినవాళ్ళని, వికలాంగుల్ని, అత్యవసర సేవల సిబ్బందిని చేర్చారు. 2024 మార్చిలో ఆ 80 ఏళ్ళని 85 చేశారు.

ఈ జాబితాలో ఉన్నవాళ్ళెవరికీ ఓటు ఉండకూడదని మా వాదన కాదు. ఈ పత్రిక చదివే టీచర్లలో చాలామంది ఎన్నికల డ్యూటీ చేసినవాళ్ళే. ఫారం 12 నింపి, ఫెసిలిటేషన్ సెంటర్లో లైన్లో నిలబడి ఓటు వేసొచ్చినవాళ్ళే. వాళ్ళలో రిజర్వేషన్ వల్ల ఉద్యోగంలోకొచ్చిన మనవాళ్ళూ ఉన్నారు. ఆ ఓటు న్యాయమైనదే. మేము అడిగేది ఈ జాబితా వెనకున్న తర్కం గురించి. ఓటరు పోలింగు బూతుకి రాలేకపోవడానికి కారణం రాజ్యం అప్పజెప్పిన పనైతే చట్టం దాన్ని డ్యూటీ అంటోంది, ఓటుని వెతుక్కుంటూ అతని దగ్గరకే పోతోంది. కారణం కడుపైతే మాత్రం ఆ మనిషి లేకపోవడం ఆ మనిషి తప్పే. రాజ్యం పంపిన మనిషి రాలేకపోతే పోస్టు, అప్పు పంపిన మనిషి రాలేకపోతే గైరుహాజరు.

వయసు గీతని కూడా మనం అలాగే చదవాలి. దళిత స్త్రీ అగ్రకుల స్త్రీ కంటే సగటున 14.6 ఏళ్ళు ముందే చనిపోతోందని ఐక్యరాజ్యసమితి మహిళా విభాగం 2018 నివేదికలో చెప్పింది. అలాంటి దేశంలో 80 గీతని 85కి జరపడమంటే ఆ సౌకర్యం ఎవరిళ్ళ వరకు వస్తుందో, ఎవరిళ్ళ ముందు ఆగుతుందో చెప్పనక్కర్లేదు. పేటలో అరవైకే నడుం వంగిపోయిన మనిషి ఓటు కోసం ఎండలో నడవాలి. ఎనభై ఐదు దాటి మేడమీద కూర్చున్న పెద్దమనిషి దగ్గరికి పెట్టె వస్తుంది. నిబంధనలో కులం పేరు ఎక్కడా లేదు. అవసరం లేదు కూడా.

ఒకే ఊరు, ఇద్దరు ఓటర్లు

కోనసీమ అనగానే కొబ్బరిచెట్లు, కాలవలు, పచ్చదనం అని రాసే సాహిత్యం చాలా ఉంది. ఆ పచ్చదనంలో భూమి లేని కులాల ఆడవాళ్ళు మూటలు కట్టుకుని మస్కట్, కువైట్, ఖతార్, దుబాయ్ వెళ్ళి పరాయి ఇళ్ళలో వంట, అంట్లు, పిల్లల పెంపకం చేస్తున్న సంగతి దానికి కనపడదు. గల్ఫ్‌కి ఎవరూ వెళ్ళని వీధి కోనసీమ పేటల్లో అరుదు. రాజోలు, అమలాపురం దళితపేటల్లో కొత్తగా లేచిన డాబాల వెనక, ఆడపిల్లల పెళ్ళిళ్ళ వెనక, డిగ్రీ ఫీజుల వెనక ఈ ఆడవాళ్ళ చాకిరీ ఉంది. ఈ వ్యాసం రాస్తున్న మాలాంటి మొదటితరం డిగ్రీల వెనక కూడా ఉంది.

మస్కట్‌లో భారత రాయబార కార్యాలయంలో ఉద్యోగి ఒకరున్నారనుకోండి. చట్టం దృష్టిలో ఆయన సర్వీసు ఓటరు. ఆయనతో ఉన్న భార్యకి కూడా ఆ హక్కు ఉంది. ఓటుపత్రం ఆయన దగ్గరకే వెళ్తుంది. 2016 నుంచి సర్వీసు ఓటర్లకి ఓటుపత్రం కంప్యూటర్ ద్వారా పంపే పద్ధతి కూడా వచ్చింది. అదే ఊళ్ళో మామిడికుదురు నుంచో మలికిపురం నుంచో వెళ్ళిన ఆడమనిషి ఒకామె ఉందనుకోండి. జీతం ఇవ్వడంలేదని, కొడుతున్నారని చెప్పుకోవడానికి ఆమె ఆ ఆఫీసు గుమ్మంలోకే వస్తుంది. కౌంటరుకి అటు పక్క కూర్చున్న మనిషికి పోస్టులో ఓటు ఉంది. ఇటు పక్క నిలబడ్డ మనిషికి లేదు. ఇద్దరూ భారత పౌరులే. ఇద్దరూ పని కోసమే అక్కడున్నారు. ఒకరు రాజ్యం జీతం తీసుకుంటున్నారు, ఒకరు తన కష్టార్జితాన్ని దేశానికి పంపుతున్నారు. అంతే తేడా.

2010లో చట్టాన్ని సవరించి ప్రవాస భారతీయులకి ఓటిచ్చామని గొప్పగా చెప్పారు. 1950 చట్టంలో 20ఎ సెక్షన్ చేర్చారు. ఫారం 6ఎ నింపి పేరు నమోదు చేసుకోవచ్చు. ఓటు వెయ్యాలంటే మాత్రం సొంతూరు బూతుకి అసలు పాస్‌పోర్టు పట్టుకుని స్వయంగా రావాలి. రెండేళ్ళకోసారి కూడా సెలవు దొరకని మనిషికి, పాస్‌పోర్టు సేటు బీరువాలో ఉన్న మనిషికి ఈ హక్కు ఎంత దూరమో చూడండి. 2024 లోక్‌సభ ఎన్నికల్లో దేశం మొత్తం మీద నమోదైన ప్రవాస ఓటర్లు 1,19,374 మంది అయితే, వచ్చి ఓటు వేసినవాళ్ళు 2,958 మంది. హక్కు అని పేరు పెట్టి విమానం టిక్కెట్టు ఖరీదు కట్టినట్టయింది.

తర్వాత 2018లో ప్రవాసులకి ప్రాక్సీ ఓటు ఇచ్చే బిల్లు లోక్‌సభలో పాసయింది, రాజ్యసభలో పాసవకుండానే 2019లో మురిగిపోయింది. 2020లో ఎన్నికల సంఘం సర్వీసు ఓటర్ల పద్ధతినే ప్రవాసులకీ ఇవ్వొచ్చని కేంద్రానికి రాసింది. మొదటి విడతలో అమెరికా, కెనడా, ఆస్ట్రేలియా వంటి దేశాలే ఉంటాయని, గల్ఫ్ దేశాలు ఉండవని అప్పట్లో పత్రికల్లో వచ్చింది. సాఫ్ట్‌వేర్ ఇంజనీరుకి ముందు, ఇంటిపనామెకి తర్వాత అన్నమాట. దేశం దాటినా వరస మారలేదు.

గల్ఫ్‌లో ఓటింగు సాధ్యం కాదు, అక్కడి ప్రభుత్వాలు ఒప్పుకోవు అనేవాళ్ళకి ఫిలిప్పీన్స్ సంగతి చెప్పాలి. ఆ దేశం 2003లో చట్టం చేసి 2004 ఎన్నికల నుంచి విదేశాల్లోని తన పౌరులకి రాయబార కార్యాలయాల్లోనూ, కొన్నిచోట్ల పోస్టు ద్వారానూ ఓటు ఇచ్చింది. కోనసీమ ఆడవాళ్ళు పనిచేసే నగరాల్లోనే ఫిలిప్పీన్ పనివాళ్ళు ఓటు వేశారు. ఇసక ఒకటే, ఎండ ఒకటే. తేడా ఎక్కడుందంటే తన పనిమనిషిని పౌరురాలిగా చూసే రాజ్యానికి, చూడని రాజ్యానికి మధ్య ఉంది.

గైరుహాజరు, వలస, మృతి

పోలింగు రోజు ప్రిసైడింగ్ ఆఫీసరు చేతికి ఒక జాబితా ఇస్తారు. డ్యూటీ చేసిన టీచర్లకి దాన్ని పరిచయం చెయ్యక్కర్లేదు. ఇంటికెళ్ళినపుడు లేనివాళ్ళు, ఊరొదిలినవాళ్ళు, చనిపోయినవాళ్ళు, ముగ్గురినీ కలిపి ఒకే పట్టీలో రాస్తారు. దొంగ ఓట్లు పడకుండా ఇది అవసరమని ఎన్నికల సంఘం అంటుంది. దొంగ ఓట్ల వల్ల ఎక్కువ నష్టపోయింది దళితులే కాబట్టి ఆ మాట మేము కొట్టిపారెయ్యం. కానీ ఆ పట్టీని కాసేపు చూడండి. కువైట్లో అంట్లు తోముతున్న మనిషి పేరు, హైదరాబాదులో అపార్టుమెంటు వాచ్‌మన్ పేరు, కిందటేడు పాతిపెట్టిన మనిషి పేరు ఒకే వరసలో ఉంటాయి. ఆ మనిషి ఎలాగోలా సెలవు దొరికి ఊరొచ్చి బూతుకెళ్తే, గుర్తింపు అందరికంటే గట్టిగా చూస్తారు, సంతకంతోపాటు వేలిముద్ర తీసుకుంటారు. పనికోసం పోయినవాడు తిరిగొచ్చి తాను బతికున్నానని రుజువు చేసుకోవాలి.

1950 చట్టమే 20వ సెక్షన్లో తాత్కాలికంగా ఊరు విడిచినంత మాత్రాన ఆ మనిషి అక్కడి నివాసి కాకుండా పోడని చెబుతోంది. చట్టంలో ఉన్న ఈ దయ జాబితాలు సవరించేవాళ్ళ చేతుల్లోకి వచ్చేసరికి ఆవిరైపోతోంది. 2019 ఎన్నికల ముందు మన రాష్ట్రంలో పేర్లు తీసెయ్యమని ఫారం 7లు లక్షల సంఖ్యలో వచ్చిపడ్డ సంగతి అందరికీ తెలుసు. 2025లో బీహార్లో ప్రత్యేక సవరణ పేరుతో ముసాయిదా జాబితాలోంచి 65 లక్షల పేర్లు పోతే, ఎవరి పేరు ఏ కారణంతో పోయిందో బయటపెట్టమని సుప్రీంకోర్టు ఆగస్టులో చెప్పవలసి వచ్చింది. బీహారూ కోనసీమా రెండూ వలసపోయే జనమున్న నేలలే. అక్కడ జరిగింది ఇక్కడ మనకి పాఠం కావాలి.

జైలు సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. 1951 చట్టం 62(5) ప్రకారం జైల్లో ఉన్నవాళ్ళకి ఓటు లేదు. శిక్ష పడ్డదా, విచారణలో ఉన్నారా అనే తేడా లేదు. 1997లో సుప్రీంకోర్టు దీన్ని సమర్థించింది. మన జైళ్ళలో నూటికి డెబ్బై అయిదు మంది పైగా నేరం రుజువు కానివాళ్ళేనని 2022 జాతీయ నేరగణాంకాలు చెబుతున్నాయి. వాళ్ళలో ఐదో వంతు మంది దాకా దళితులు. బెయిలుకి జామీను పెట్టే భూమి లేక లోపలున్న మనిషికి ఓటు లేదు. భూమున్న ముద్దాయి బెయిలు మీద బయటకొచ్చి ఓటు వేస్తాడు, పోటీ కూడా చేస్తాడు.

అధికారి పొరపాటుకి ఓటరు ఓటు పోకూడదు

2024 మే నెలలో మన రాష్ట్రంలో పోస్టల్ బ్యాలెట్ మీద పెద్ద తగువు జరిగింది. పోస్టు ఓటుతోపాటు ఫారం 13ఎ అనే డిక్లరేషన్ ఉంటుంది. దాని మీద ఓటరు సంతకం, దాన్ని ధృవీకరించే అధికారి సంతకం ఉండాలి. 54ఎ నిబంధన ప్రకారం ఆ డిక్లరేషన్ సరిగా లేకపోతే లోపలి కవరు తెరవకుండానే ఓటుని పక్కన పెట్టేస్తారు. ఆ ఎన్నికల్లో ఐదు లక్షలకు పైగా పోస్టు ఓట్లు పడ్డాయి. కొన్ని డిక్లరేషన్ల మీద అధికారి సంతకం ఉంది గానీ పేరు, హోదా, ముద్ర లేవు. అలాంటివి చెల్లుతాయని రాష్ట్ర ప్రధాన ఎన్నికల అధికారి మెమో ఇచ్చారు, ఎన్నికల సంఘం దాన్ని బలపరిచింది. వైఎస్సార్ కాంగ్రెస్ పార్టీ హైకోర్టుకి వెళ్ళింది. ఎన్నికల ప్రక్రియ మధ్యలో జోక్యం చేసుకోమని, అభ్యంతరముంటే ఎన్నికల పిటిషన్ వేసుకోమని జూన్ 1న హైకోర్టు చెప్పింది. జూన్ 3న సుప్రీంకోర్టు కూడా కలగజేసుకోలేదు. జూన్ 4న లెక్కింపు అయిపోయింది.

ఏ పార్టీకి లాభం, ఏ పార్టీకి నష్టం అనే లెక్కలోనే ఆ తగువు మొత్తం పత్రికల్లో నడిచింది. మాకు ఆ లెక్కతో పనిలేదు. ఆ మెమోలో ఒక న్యాయసూత్రం ఉంది, దాన్ని పట్టుకోవాలి. అధికారి ముద్ర వెయ్యకపోతే ఆ పొరపాటుకి ఓటరు ఓటు పోకూడదు. చాలా మంచి సూత్రం. ఉద్యోగుల విషయంలో ఈ సూత్రాన్ని నిలబెట్టడానికి రాష్ట్ర అధికారి నుంచి ఢిల్లీ దాకా పది రోజుల్లో వ్యవస్థ అంతా కదిలింది. అదే సూత్రాన్ని పేటకి అన్వయించండి. ఇంటికి రాకుండానే ఇంట్లో లేరని రాసుకున్న పొరపాటు ఓటరుదా? పేరులో అక్షరం తప్పు పడితే ఆ తప్పు ఓటరుదా? ఆ తప్పుల దగ్గర మెమోలు ఎందుకు రావడంలేదు? సంఘటితమైన ఓటరు ఓటు పోతుందంటే రాజ్యానికి చెమట పడుతుంది. చెదిరిపోయిన ఓటరు ఓటు పోయిందంటే పోలింగు శాతం తగ్గిందని వార్త వస్తుంది.

మళ్ళీ లెక్కపెట్టమనే నోరు

ఇక రెండో నిబంధన. లెక్కింపు పూర్తయ్యాక రిటర్నింగ్ అధికారి మొత్తం ఓట్లు ప్రకటించి కాసేపు ఆగాలి. ఆ కాసేపట్లో అభ్యర్థి గానీ, అతను లేకపోతే అతని ఏజెంటు గానీ కారణాలు చూపించి మళ్ళీ లెక్కపెట్టమని కాగితం రాసివ్వొచ్చు. 63వ నిబంధన ఇది. అధికారి మొత్తంగానో కొంతవరకో ఒప్పుకోవచ్చు, అసమంజసమనిపిస్తే కొట్టెయ్యొచ్చు. కారణాలు మాత్రం రాతలో ఇవ్వాలి. ఫలితాల పత్రం మీద సంతకం పెట్టాక ఇంక ఎవరు అడిగినా లేదు. ఎన్ని ఓట్ల తేడా ఉంటే తప్పనిసరిగా మళ్ళీ లెక్కపెట్టాలనే గీత మన చట్టంలో లేదు. అమెరికాలో చాలా రాష్ట్రాల చట్టాల్లో ఆ గీత ఉంది. ఫ్లోరిడాలో తేడా అర శాతం లోపుంటే ఎవరూ అడక్కుండానే మళ్ళీ లెక్కపెట్టాలి. ఇక్కడ ఎన్నికల సంఘం ఆదేశం ఒకటుంది. గెలిచిన తేడా కంటే చెల్లవని పక్కన పెట్టిన పోస్టు ఓట్లు ఎక్కువుంటే ఆ తిరస్కరించినవాటిని మళ్ళీ చూడాలి. అంటే అడక్కుండా దొరికే రెండో చూపు కూడా పోస్టు ఓటుకే ఉంది.

ఈ నిబంధన కోనసీమకి దూరపు సంగతి కాదు. 2014లో కొత్తపేటలో చిర్ల జగ్గిరెడ్డి గెలిచింది 713 ఓట్లతో. 2019లో ఎస్సీ రిజర్వుడు రాజోలులో రాపాక వరప్రసాదరావు గెలిచింది 814 ఓట్లతో. అదే ఏడు విజయవాడ సెంట్రల్లో తేడా 25 ఓట్లే. మూడు చోట్లా గెలుపు ఓటములు తారుమారు కావలసింది అని మేము అనడంలేదు. రాజోలు నియోజకవర్గంలో 814 అంటే నాలుగు పేటల గల్ఫ్ పాస్‌పోర్టుల లెక్క. ఎంత గట్టిగా రీకౌంటింగ్ చేసినా లెక్కలోకి వచ్చేది యంత్రంలో, కవర్లలో ఉన్న ఓట్లే. పడనివ్వని ఓటుని ఏ రీకౌంటింగూ లెక్కపెట్టదు. అందుకే ఈ రెండు నిబంధనల్నీ కలిపి చదవాలంటున్నాం. మొదటిది ఎవరిని లోపలికి రానివ్వాలో తేలుస్తుంది. రెండోది వచ్చినవాళ్ళలో కూడా ఎవరి అనుమానానికి విలువుందో తేలుస్తుంది.

63వ నిబంధనలో ఓటరుకి నోరు లేదు. అడగవలసింది అభ్యర్థి, లేదా అతని ఏజెంటు. జనరల్ సీట్లలో ఈ సమస్య పెద్దగా కనపడదు. రిజర్వుడు సీట్లో ఒక్కసారి లెక్కింపు హాల్లోకి చూడండి. అభ్యర్థి మనవాడే. డబ్బు పెట్టింది ఎవరు? ఏజెంట్ల జాబితా రాసింది ఎవరు? బల్ల దగ్గర కూర్చున్నవాడు ఎవరి మనిషి? అభ్యర్థికి అనుమానం వచ్చినా కాగితం మీద సంతకం పెట్టాలా వద్దా అనేది పార్టీని నడిపే ఆధిపత్య కులాల నాయకుడు కళ్ళతోనే చెబుతాడు. ఉమ్మడి ఓటర్ల జాబితాలో రిజర్వుడు అభ్యర్థి ఎవరికి జవాబుదారీ అవుతాడని పూనా ఒప్పందం నాటి నుంచి అంబేడ్కర్ అడిగిన ప్రశ్న లెక్కింపు హాల్లో ఇలా మళ్ళీ లేస్తుంది.

తర్వాత మిగిలేది కోర్టు. 329(బి) అధికరణం ప్రకారం ఎన్నికని ప్రశ్నించాలంటే ఎన్నికల పిటిషనే దారి. 1951 చట్టం 81వ సెక్షన్ ప్రకారం నియోజకవర్గంలో ఏ ఓటరైనా ఈ పిటిషన్ వెయ్యొచ్చు. ఈ సంగతి పేటల్లో చాలామందికి చెప్పలేదు. నలభై అయిదు రోజుల్లో హైకోర్టులో వెయ్యాలి, రెండువేల రూపాయలు డిపాజిట్ కట్టాలి. రెండువేలు పెద్ద మొత్తం కాదు, కానీ వకీలు ఫీజు, రాకపోకలు, సాక్ష్యాలు సంపాదించడం కూలికెళ్ళే మనిషికి కుదిరే పనికాదు. ఊరికే అనుమానం ఉందంటే ఓటుపత్రాలు తెరవరని, గట్టి ఆధారాలు చూపించాలని 1964 నుంచి సుప్రీంకోర్టు చెబుతూ వస్తోంది. ఆధారాలు పెట్టెలో ఉంటే పెట్టె తెరవకుండా ఆధారాలు ఎలా తేవాలి?

తెలంగాణలో ఎస్సీ రిజర్వుడు ధర్మపురి కథ దీనికి ఉదాహరణ. 2018లో అక్కడ కొప్పుల ఈశ్వర్ 441 ఓట్లతో గెలిచారు. ఓడిన అడ్లూరి లక్ష్మణ్ కుమార్ హైకోర్టుకి వెళ్ళారు. స్ట్రాంగ్ రూం తెరిచి పత్రాలు తీసుకురమ్మని కోర్టు చెప్పేసరికి 2023 ఏప్రిల్ వచ్చింది. తీరా చూస్తే తాళంచెవులు కనపడలేదు. తాళాలు పగలగొట్టి తెరిచారు. ఆ ఏడాది చివర మళ్ళీ ఎన్నికలొచ్చేశాయి, లక్ష్మణ్ కుమార్ గెలిచారు. ఆరు నెలల్లో తేల్చడానికి ప్రయత్నించాలని చట్టం అంటుంది. అయిదేళ్ళ పదవీకాలం నడిచిపోతే ఇంక న్యాయం ఎవరికి?

2024 ఏప్రిల్లో సుప్రీంకోర్టు ఒక కొత్త దారి తెరిచింది. రెండు, మూడు స్థానాల్లో నిలిచిన అభ్యర్థులు ఏడు రోజుల్లో అడిగితే ఐదు శాతం యంత్రాల్ని తనిఖీ చెయ్యాలంది. ఆ ఏడు ఎన్నికల సంఘం ఒక్కో యంత్రాల సెట్టుకి పన్నుతో కలిపి 47,200 రూపాయలు పెట్టింది. అప్పుడు మన రాష్ట్రంలో ఉపాధి హామీ కూలి రోజుకి 300. అంటే ఒక్క యంత్రానికి 157 రోజుల కూలి. అప్పట్లో హామీ ఇచ్చిన పని ఏడాదికి వంద రోజులు. అనుమానం కూడా ఆస్తిపరుల హక్కే అయింది.

సాధ్యం కాదనే మాటకి జవాబు కూడా ఉంది. హర్యానాలో పానిపట్ జిల్లా బువానా లాఖు అనే ఊళ్ళో 2022లో జరిగిన సర్పంచ్ ఎన్నిక యంత్రాల్ని 2025లో సుప్రీంకోర్టు తన ఆవరణలోకే తెప్పించి మళ్ళీ లెక్కపెట్టించింది. ఫలితం తారుమారైంది. తల్చుకుంటే ఒక పల్లె సర్పంచ్ ఎన్నికకి కూడా దేశపు అత్యున్నత కోర్టు టైము పెట్టగలదు. అయినా మూడేళ్ళు పట్టింది.

చెల్లని ఓట్లు ఎవరివి?

1952లో బొంబాయి ఉత్తర నియోజకవర్గంలో అంబేడ్కర్ పద్నాలుగు వేల పైచిలుకు ఓట్లతో ఓడిపోయారని మనందరికీ తెలుసు. ఆ తర్వాత ఆయన అశోక్ మెహతాతో కలిసి ఆ ఎన్నికని రద్దు చెయ్యమని పిటిషన్ వేశారన్నది అంతగా చెప్పుకోని సంగతి. 74,333 ఓటుపత్రాల్ని లెక్కలోకి రాకుండా తిరస్కరించారన్నది అందులో ఒక వాదన. ఓడిన తేడా కంటే చెల్లవన్న ఓట్లు ఐదింతలు. ఆ పిటిషన్ నెగ్గలేదు. రాజ్యాంగం రాసిన మనిషే చెల్లని ఓట్ల ప్రశ్న వేశాడంటే అది ఓడినవాడి ఏడుపు అని కొట్టిపారెయ్యడానికి వీల్లేదు.

అమెరికాలో 2000 అధ్యక్ష ఎన్నికల్లో ఫ్లోరిడాలో బుష్ 537 ఓట్లతో నెగ్గాడు. మళ్ళీ లెక్కపెట్టడం మధ్యలో ఉండగా సుప్రీంకోర్టు ఆపేసింది. నల్లజాతి ఓటర్ల ఓట్లు మిగతావాళ్ళ ఓట్లకంటే దాదాపు పదింతలు ఎక్కువగా తిరస్కరించబడ్డాయని ఆ దేశపు పౌరహక్కుల కమిషనే 2001లో తేల్చింది. ఓటు చెల్లకపోవడం ఓటరు తెలివితక్కువతనం వల్లే అని చెప్పే పాఠం ఇక్కడా అక్కడా ఒకటే. ఎవరి చదువు ఆపారో, ఎవరి బూతులో పాత యంత్రం పెట్టారో ఆ పాఠం చెప్పదు.

ప్రాక్సీ ఎందుకు వద్దు?

ఊళ్ళో లేని మనిషికి ఓటివ్వాలంటున్నాం కదా అని ఏ పద్ధతైనా మాకు సమ్మతం కాదు. 2018 బిల్లులోని ప్రాక్సీ పద్ధతిని మేము వ్యతిరేకిస్తున్నాం. ప్రాక్సీ అంటే ఊళ్ళో ఉన్న మరో మనిషి ఆమె ఓటు వేస్తాడు. గల్ఫ్‌కి వెళ్ళడానికి అప్పిచ్చిందెవరు, వీసా తెచ్చిన ఏజెంటెవరు, ఇంట్లో పెత్తనం ఎవరిది? ఆమె ఓటు వాళ్ళ చేతుల్లోకే పోతుంది. దళితుల ఓటుని దొరలు వేసుకున్న రోజులు, మీ ఓటు పడిపోయింది పొమ్మన్న రోజులు ఎంతో దూరంలో లేవు. అప్పుడు కర్రతో తీసుకున్నదాన్ని ఇప్పుడు సంతకంతో తీసుకుంటారు. పోస్టు ఓటులో కూడా ఈ భయముంది. సేటు ఇంటికి వచ్చిన కవరు ఆమె చేతికి వస్తుందన్న నమ్మకం లేదు. అందుకే రాయబార కార్యాలయంలో, రహస్యంగా, తన చేత్తో తాను వేసే ఓటునే మేము అడుగుతున్నాం. సెలవు ఎవరిస్తారు అంటారు. ఆ సెలవు కోసం ఆ దేశాలతో మాట్లాడవలసింది మన ప్రభుత్వం.

వలస పోయినవాళ్ళు ఓటు వేస్తే ఫలితాలు అస్తవ్యస్తమవుతాయని కొందరు పెద్దమనుషులు అంటారు. నిజమే. 713, 814 తేడాలున్నచోట పేటకి దూరంగా ఉన్న ఓటు ఒకటొకటీ బరువే. ఊళ్ళో కళ్ళముందు లేని దళిత ఓటరుని బెదిరించడం కష్టం, మందు పొయ్యడం కష్టం, డబ్బు పంచడం కష్టం. ఆ ఓటంటే ఎవరికి భయమో ఈ మాటలోనే తెలుస్తోంది.

ఏం అడగాలి?

శాసనసభ, లోక్‌సభ ఎన్నికల చట్టం కేంద్రానిది. పంచాయతీ ఎన్నికలు మన రాష్ట్ర 1994 పంచాయతీరాజ్ చట్టం కింద జరుగుతాయి. కొన్ని వందల ఓట్లుండే వార్డులో పదిమంది గల్ఫ్‌లో ఉంటే ఫలితమే మారిపోతుంది. కాబట్టి ఢిల్లీ మీదకి తోసేసి ఊరుకోకుండా అమరావతిని కూడా అడగాలి.

మా దృష్టిలో అడగవలసినవి ఇవి. పనికోసం దేశం దాటినవాళ్ళకి గల్ఫ్ దేశాలతో మొదలుపెట్టి రాయబార కార్యాలయాల్లో ఓటు ఉండాలి. శిక్ష పడని ఖైదీలకి పోస్టు ఓటు ఉండాలి. ఇంటి దగ్గర ఓటుకి వయసు 85 నుంచి కిందకి దిగాలి. బూతు దగ్గర ఇచ్చే పట్టీలో చనిపోయినవాళ్ళని, పనికెళ్ళినవాళ్ళని వేరు చెయ్యాలి. ఇంటికెళ్ళి నోటీసిచ్చి సాక్షుల సంతకం తీసుకోకుండా ఏ పేరూ తియ్యకూడదు. ఇన్ని ఓట్ల లోపు తేడా వస్తే తప్పనిసరిగా మళ్ళీ లెక్కపెట్టాలని గీత గియ్యాలి, ఆ ఖర్చు ప్రభుత్వానిదే కావాలి. 63వ నిబంధన కింద అడిగే హక్కు నియోజకవర్గంలో నిర్ణీత సంఖ్యలో ఓటర్లు సంతకాలు పెడితే వాళ్ళకీ ఉండాలి.

ఇవి వచ్చేదాకా ఆగక్కర్లేని పనులూ ఉన్నాయి. డ్యూటీ చేసే టీచర్లు తమ చేతికొచ్చిన గైరుహాజరు పట్టీలో ఏ వీధి పేర్లు ఎక్కువున్నాయో గమనించాలి. అది రహస్యపత్రమేం కాదు, పోలింగు ఏజెంట్లకీ ఇస్తారు. కార్యకర్తలు జాబితా సవరణ జరిగేటప్పుడు ముసాయిదా పట్టుకుని పేటలో ఇల్లిల్లూ తిరగాలి. గల్ఫ్‌లో ఉన్న మనిషి పేరు తీసేస్తే ఇంట్లోవాళ్ళ చేత అభ్యంతరం రాయించాలి. లా చదివే పిల్లలు 63వ నిబంధన, 81వ సెక్షన్ తెలుగులో ఒక పేజీలో రాసి లెక్కింపు రోజుకి ముందే రిజర్వుడు అభ్యర్థుల చేతిలోనూ, ఓటర్ల చేతిలోనూ పెట్టాలి. నలభై అయిదు రోజులు చాలా తొందరగా అయిపోతాయి.